అప్పు తీరితే జూదం తీరునా?

జూదరిని నీతిలేనివాడని తిట్టడం మన సంఘానికి అలవాటు. తలచుకుంటే మానగలడు, తలచుకోవడంలేదు అనే నమ్మకం ఆ తిట్టు వెనుక వున్నది. జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా పేకాటలోనో ఫోను పందెంలోనో కొడుకు చేసిన అప్పును గల్ఫు సొమ్ముతోనో, కోడలి బీడీల కూలితోనో తీర్చి, పిల్లల మీద ఒట్టు వేయించుకున్న యిల్లు రోగం కుదిరిందనుకుంటుంది.

ధర్మరాజు కథలో మనం తరచు మరచే ఘట్టం వొకటి వుంది. తన్ను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది సభలో అడిగింది. ఆ తర్వాత ధృతరాష్ట్రుడు పోయిన రాజ్యమంతా తిరిగి యిచ్చాడు. అంటే అప్పు పూర్తిగా తీరింది. మళ్ళీ పిలుపు రాగానే ధర్మరాజు వెనక్కు వచ్చి పాచికల ముందు కూర్చున్నాడు. పెద్దల ఆజ్ఞ అనీ, క్షత్రియ ధర్మమనీ చెప్పే సమర్థనలు నాకు సాకులుగానే కనబడతాయి.

ద్రౌపది ప్రశ్న వైద్యానిది కూడా. 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. గెలుపు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడంలోనే దాని పట్టు వుంది. నికరంగా దొరికే గింజకంటె ఎప్పుడో వొకప్పుడు దొరికే గింజ కోసమే పావురం విడవకుండా పొడుస్తుందని అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ చూపాడు. దానికి పోయినది రాబట్టాలనే తపన తోడవుతుంది. అప్పు తీర్చినవాళ్ళు ఆ తపనను చల్లార్చడంలేదు, కొత్త అప్పుకు పరపతి కల్పిస్తున్నారు.

అయితే అతను బాధ్యుడు కాడా? సిరిసిల్లలో మీటరుకింత అని కూలి తీసుకునే మరమగ్గం కార్మికుడు, గుడ్డ అమ్ముడుపోక మగ్గం ఆగితే పస్తుండాలి. కష్టానికీ రాబడికీ లంకె తెగినచోట పందెం ఆశగా కనబడటం వింతకాదు. కాని యింతటితో ఊరుకుంటే బీడీలు చుట్టే భార్యకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. ఆమెదీ అదే బతుకు, ఆమె ఆడలేదు.

డబ్బు ఒడ్డే ఫోను ఆటలను తెలంగాణ 2017లో, పార్లమెంటు 2025లో నిషేధించాయి. అది అవసరమే, కాని చికిత్స వేరు. ‘కొద్దిలో తప్పింది, మళ్ళీ ఆడితే వస్తుంది’ అనే భ్రమను వైద్యుడు మాటలతో విప్పాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. అప్పులవాళ్ళకు వాయిదాలు నేరుగా వెళ్ళాలి, జీతం భార్య చేతికి రావాలి. మనసు కుదుటపడ్డ ఘడియలో ఈ ఏర్పాటుకు అతనే ఒప్పుకోవాలి. అతని బాధ్యత అక్కడ వున్నది.

ఏటీఎం కార్డు ఆడదాని చేతిలో పెడితే పరువు పోతుందనే పెద్దమనుషులు ప్రతి వాడలోనూ వున్నారు. తర్వాత అప్పు తీర్చడానికి వున్న నాలుగు గుంటల భూమి అమ్మమని సలహా యిచ్చేదీ వాళ్ళే.