పొడుచు ఎద్దును కట్టవలసినవారెవరు?

ఈ దినములలో మన గ్రామములలో ఏ వీధికి వెళ్లినను ఒక దుఃఖము వినబడుచున్నది. పిల్లవాడు సెల్లు ఫోనులోని ఆట విడువడు. అన్నమునకు పిలిచినను లేవడు. అర్ధరాత్రి దుప్పటిలో వెలుతురు కనబడుచుండును. బడిలో బల్లమీద తల పెట్టి నిద్రించును. ఫోను తీసికొనినయెడల కంచము విసరివేయును. అప్పుడు ఇంటిలో ఒక ప్రశ్న పుట్టును: తప్పెవరిది? తల్లి చేసిన గారాబమని తండ్రి యనును. ఫోను కొని తెచ్చినవాడు తండ్రియే గదా యని తల్లి యనును. పంతులుగారు ఇద్దరిమీదను పెట్టుదురు. కడపట అందరును కలిసి పిల్లవానిని కొట్టుదురు. ప్రియులారా, ఈ నెల మనము ఈ ప్రశ్నను నెమ్మదిగా ఆలోచింతము.

మొదట ఒక సంగతి తెలిసికొనవలెను. ఆడు పిల్లవాడెల్ల రోగి కాడు. ఆట పిల్లలకు సహజము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంగీకరించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో గేమింగ్ వ్యాధికి మూడు గురుతులు చెప్పబడినవి. ఆటను అదుపులో పెట్టుకొనలేకపోవుట మొదటిది. చదువు, భోజనము, నిద్ర, స్నేహము అనువాటికంటె ఆటయే ముఖ్యమగుట రెండవది. నష్టము కనబడుచున్నను మానక ఆడుట మూడవది. సాధారణముగా 12 నెలలు ఈ స్థితి యున్నప్పుడే వైద్యులు దానిని వ్యాధి యందురు. గనుక సెలవు దినమున గంటసేపు ఆడిన పిల్లవానిని చూచి భయపడనక్కరలేదు. అట్లని ఏడాదిగా చిక్కిపోవుచున్న పిల్లవానిని చూచి, వయస్సు వచ్చిన తరువాత వాడే మానునని ఊరకుండుటయు తగదు.

తప్పును మరియొకరిమీదికి నెట్టుట మనుష్యునికి క్రొత్త కాదు. ఆదికాండము 3వ అధ్యాయములో దేవుడు ఆదామును ప్రశ్నించినప్పుడు అతడు హవ్వను చూపెను. హవ్వ సర్పమును చూపెను. వారు చెప్పినది అబద్ధము కాదు. ఆమె ఇచ్చినమాట నిజమే, సర్పము మోసగించినమాటయు నిజమే. అయినను ఆ నిజము వారిని విడిపింపలేదు. మరియొక వైపు కూడ చూడుడి. తిన్నవాడు మనుష్యుడే గదా యని దేవుడు సర్పమును విడిచిపెట్టలేదు. ముగ్గురికి మూడు తీర్పులు వచ్చెను. ఒకరి తప్పు మరియొకరి తప్పును కొట్టివేయలేదు.

అయితే అందరి తప్పునకు ఒకటే కొలతయా? నిర్గమకాండము 21వ అధ్యాయములోని ఎద్దు న్యాయము దీనికి వెలుగునిచ్చును. పశువులతో బ్రతుకు మనకు అది సులభముగా తెలియును. ఎన్నడును పొడువని ఎద్దు ఒకనాడు మనుష్యుని చంపినయెడల యజమానునిమీద దోషము లేదు. అది పొడుచు ఎద్దని ఊరివారు ముందుగా హెచ్చరించినను అతడు దానిని కట్టకపోయినయెడల, ఆ ప్రాణమునకు అతడే ఉత్తరవాది. అనగా న్యాయము రెండు ప్రశ్నలు అడుగుచున్నది. నీకు తెలిసెనా? కట్టుటకు నీకు శక్తి యుండెనా? తెలివియు శక్తియు ఎంతయో, ఉత్తరవాదము అంత. ఈ కొలత చేతపట్టుకొని ఒక్కొక్కరి యొద్దకు పోదము.

మొదట ఆటను చేయువారు. వారికి తెలియునా? అందరికంటె ఎక్కువగా తెలియును. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు పావురములతో చేసిన పరీక్షలను 1957లోనే గ్రంథముగా ప్రకటించిరి. పావురము బిళ్లను ముక్కుతో పొడిచినప్పుడెల్ల గింజలు పడక, ఎప్పుడు పడునో తెలియకుండ ఏదో ఒకసారి పడునట్లు చేసినయెడల, అది విసుగక పొడుచుచునే యుండును. గింజలు ఆపివేసిన తరువాత కూడ చాలసేపు మానదు. నేటి ఆటలలో లోపల ఏమున్నదో తెలియని పెట్టెలు ఆ గింజల వంటివే. ఒక దినము తప్పినయెడల పోవు బహుమానములు, నడుమ లేచినయెడల జట్టు ఓడిపోవు ఏర్పాట్లు పిల్లవానిని ఇంకను గట్టిగా పట్టి ఉంచును. కొన్ని ఆటలలో డబ్బు పెట్టి కొను అట్టి పెట్టెలు జూదమేయని 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణాధికారులు తేల్చిరి. ఫోర్ట్‌నైట్ ఆటను చేసిన ఎపిక్ గేమ్స్ కంపెనీ మొత్తము 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెనని 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రకటించెను. అందులో 24 కోట్ల 50 లక్షలు, ఆడువారు తాము కోరనివి కూడ కొనునట్లు తెరను అమర్చినందుకే. పిల్లవాడు ఆడెను, మాకేమి సంబంధమని ఇట్టి వ్యాపారులు చెప్పుటకు వీలులేదు. ఎద్దు వారిది. పొడుచునని వారికి తెలియును. త్రాడును వారి చేతిలోనే యున్నది.

తరువాత ప్రభుత్వములు. 16 ఏండ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుండి ఉదయము 6 గంటలవరకు ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని దక్షిణ కొరియా 2011లో చట్టము చేసెను. కంప్యూటరు ఆటలకై పుట్టిన ఆ చట్టము, పిల్లలు ఫోనులకు మారిన తరువాత వెనుకబడెను; 2022 జనవరి 1 నుండి అది లేదు. మన దేశములో తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టము చేసెను. డబ్బు ఆట నడుపువానికి దానిలో 3 ఏండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జరిమానా కలవు. ఆడి నష్టపోయినవానికి శిక్ష లేదు. ఇది ఎద్దు న్యాయమునకు సమీపముగా నున్నది. అయితే పందెము లేని ఆటలను ఆ చట్టము ఆపదు. మన పిల్లలలో అనేకుల నిద్రను మ్రింగుచున్నవి అవియే. చట్టము ఊరి వెలుపలి కంచె వంటిది. ఇంటి తలుపు వేయుట ఇంటివారి పని.

ఇప్పుడు తల్లిదండ్రులు. 2020లో కరోనావలన బడులు మూతపడినప్పుడు పాఠములు ఫోనులోనే వచ్చెను. కూలి డబ్బుతో, అప్పుతో, పిల్లవాని చదువుకొరకే అనేకులు దానిని కొనిరి. తెల్లవారకముందే నాటుకో కోతకో పోయి, ప్రొద్దు గూకిన తరువాత వచ్చు తల్లికి ఆ తెరమీది అక్షరములు చదువ రావు. ఆమెను కంపెనీవానితో సమానముగా నిందించుట అన్యాయము. అయినను ఆమెకు ఏమియు తెలియదని చెప్పలేము. కొడుకు కన్నులు ఎర్రబడుట, మాట తగ్గుట, ఆకలి పోవుట ఆమెకంటె ముందుగా ఎవరు చూతురు? చంటిబిడ్డ ముద్ద మ్రింగుటకు ఫోను చేతికిచ్చు ఇండ్లు కూడ మన యెదుట నున్నవి. తెలిసినంత మట్టుకు, చేతనైనంత మట్టుకు, వారును ఉత్తరవాదులే.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: కంపెనీవాడు దోషి, ప్రభుత్వము దోషి, తల్లిదండ్రులు దోషులు, అయితే పిల్లవానికి ఏ బాధ్యతయు లేదా? ఇది మంచి ప్రశ్న. పాము కరచినవానిని నీ కాలు అక్కడ ఎందుకు పెట్టితివని కొట్టము. అయితే మందు మ్రింగవలసినది అతడే. అతనికి మారుగా మరియొకరు మ్రింగలేరు. పడినందుకు నింద వేరు, లేచుటకు బాధ్యత వేరు. పండ్రెండేండ్లవానిమీద మొదటిది బహు స్వల్పము. రెండవది మాత్రము వానిది కూడ. నీకు ఏ బాధ్యతయు లేదని చెప్పుట దయవలె కనబడును గాని, నీవు మనిషివి కావు, పావురమవని చెప్పినట్లగును. గనుక వానిని కొట్టక, వానితో మాటలాడవలెను. ఎంతసేపు ఆడుదువో నీవే చెప్పుము, ఆ మాట నిలుపుకొనుటకు మేము తోడుగా నుందుము అనవలెను.

నలుగురు అన్నదమ్ములు పొలము పంచుకొనినయెడల ఒక్కొక్కని భాగము తగ్గును. ఉత్తరవాదము అట్టిది కాదు. చెరువు గట్టు తెగుచుండగా చూచినవారు పదిమంది యైనను, ఒక్కొక్కడు పదియవ వంతు మట్టి వేసి ఇంటికి పోడు. గట్టు నిలుచువరకు అందరును వేయుదురు. కంపెనీవానిది పెద్ద తప్పు గనుక మన పని చిన్నదైపోదు.

అయితే మనమేమి చేయవలెను? మిద్దెమీదనుండి ఎవడును పడకుండ పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ కలదు. పడినవాని అజాగ్రత్తను విచారించుటకు ముందే గోడ కట్టవలెను. రాత్రి ఫోను పిల్లల పడకయొద్ద గాక పెద్దల పడకయొద్ద నుండనిండు. పెద్దలును భోజనవేళ తమ ఫోను ప్రక్కన పెట్టుడి. డబ్బు పంపు రహస్య సంఖ్యను పిల్లలకు తెలియనీయకుడి. వాడు ఆడు ఆట పేరేమో, ఎవరితో ఆడుచున్నాడో ప్రక్కన కూర్చుండి అడుగుడి. సాయంకాలము కబడ్డీకి, వాలీబాలుకు మందిరపు ఆవరణము తెరచియుంచుట మన సంఘపెద్దలకు కష్టము కాదు. తల్లిదండ్రులు పొలములో నుండు గడియలలో ఒక అవ్వయో, చదివిన యువకుడో పది మంది పిల్లలను చూచుకొనవచ్చును. పిల్లవాడు మితిమీరి కోపించుచున్నను, చచ్చెదనని పలుకుచున్నను ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సహాయమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. దానికి ఖర్చు లేదు. దీనిలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

ప్రియులారా, ఎద్దు న్యాయములో యజమానుని స్థితిని మార్చినది ఒక్కటే: హెచ్చరిక. అది వినకముందు అతడు వేరు, వినిన తరువాత వేరు. ఇది చదివినవారును, చదువగా వినినవారును ఇకమీదట మాకు తెలియదని చెప్పలేరు. ఈ రాత్రి మన ఇంటిలో ఫోను ఎక్కడ నిద్రించునో దానితోనే మొదలుపెట్టుదము. మన పిల్లలను మన చేతులకు అప్పగించిన దేవుడు అందుకు కావలసిన ఓపికను దయచేయును గాక.