ప్రతిజ్ఞా, మౌనమూ

పొద్దున్నే బడిలో పిల్లలందరి చేతా ఒక ప్రతిజ్ఞ చేయించే అలవాటు ఇండియాలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. అక్కడ అసెంబ్లీలో చెయ్యి ముందుకి చాపి చెప్పిన తరం మనది. ఇక్కడ గుండె మీద చెయ్యి వేసుకుని జెండాకేసి చూస్తూ చెప్పే తరం మన పిల్లలది. రెండు చోట్లా మాటలు కంఠతా వచ్చేస్తాయి. వాటి వెంట విలువలు కూడా వస్తాయా అన్నదే ప్రశ్న.

మన ప్రతిజ్ఞ రాసింది తెలుగువాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ దాన్ని తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా బడుల్లోకి వెళ్ళింది. అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అనీ, అందరితో మర్యాదగా మసలుకోవాలనీ దాని సారాంశం. ఏళ్ళ తరబడి పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గాని ఆయన పేరు ఉండేది కాదు.

అమెరికా ప్రతిజ్ఞని 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రాశారు. మొదట్లో అందులో "నా జెండా" అని మాత్రమే ఉండేది. 1923లో దాన్ని మార్చి, ఏ దేశపు జెండాయో విడమరిచి చెప్పారు. వలస వచ్చినవాళ్ళ పిల్లలు మనసులో తమ పాత దేశపు జెండాని తలుచుకుంటారేమోనన్న శంక అందుకు కారణం. మనలాంటి వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిన సవరణ అన్నమాట! దేవుడి ప్రస్తావన 1954లో వచ్చి చేరింది.

ఈ ప్రతిజ్ఞ చెప్పం అన్నవాళ్ళని ఏం చెయ్యాలి? యెహోవా సాక్షుల పిల్లలు తమ మతం ఒప్పుకోదని జెండా వందనం చెయ్యకపోతే, బడి నుంచి పంపెయ్యడం తప్పు కాదని 1940లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆ మతస్థుల మీద దాడులు పెరిగాయి. మూడేళ్ళకే, యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1943లో, అదే కోర్టు తన తీర్పుని తనే తిరగరాసింది. పౌరుడి చేత నమ్మకాన్ని బలవంతంగా పలికించే అధికారం ప్రభుత్వానికి లేదంది.

ఇండియాలోనూ ఇలాంటి కథే జరిగింది. 1985లో కేరళలో అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు గాని పాడలేదు. వాళ్ళు బుద్ధిమంతులేనని విచారణ సంఘం తేల్చినా బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీం కోర్టు వాళ్ళని మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి కూడా మన తెలుగువాడే. మౌనంగా నిలబడడంలో అగౌరవం లేదన్నది ఆ తీర్పు సారం. ప్రతిజ్ఞ రాసినదీ మనవాడే, మౌనాన్ని కాపాడినదీ మనవాడే. ఈ రెండింటికీ వైరం ఉందని నేను అనుకోను.

"ఇష్టమైతేనే చెప్పండి అంటే ఇక ఉమ్మడిగా మిగిలేదేమిటి?" అని అడిగేవాళ్ళున్నారు. సబబైన ప్రశ్నే. పక్కవాణ్ణి కొట్టకూడదు, వరసలో నిలబడాలి, ఎదుటివాడు మాట్లాడుతుంటే వినాలి - ఇవన్నీ బడి నిర్బంధంగానే నేర్పుతుంది, నేర్పాలి కూడా. అవి నడవడికకి సంబంధించినవి. ప్రతిజ్ఞ సంగతి వేరు. అది మాట ఇవ్వడం. భీష్ముడి ముందు దాశరాజు షరతు పెట్టాడే గాని మెడ మీద కత్తి పెట్టలేదు. అందుకే ఆ ప్రతిజ్ఞకి అంత విలువ. శిక్షకి భయపడి ఇచ్చిన మాట, మాట ఎలా అవుతుంది?

అలాగని ప్రతిజ్ఞ అనవసరం అనను. పది దేశాల నుంచి వచ్చిన పిల్లలు ఒక గదిలో కూర్చున్నప్పుడు అందరికీ తెలిసిన నాలుగు మాటలు ఉండడం మంచిదే. కాని ఆ మాటల అర్థం వాళ్ళకి తెలిసేది, పలకని పిల్లవాడితో టీచరు ఎలా ప్రవర్తిస్తుందో చూసినప్పుడే. అందరితో మర్యాదగా ఉంటామని రోజూ చెప్పించే వ్యవస్థ, ముగ్గురు పిల్లల్ని గెంటేస్తే మిగతా పిల్లలు ఏ పాఠం నేర్చుకున్నట్టు?

ఇక మన సంగతి. ఇక్కడ మనం కొద్దిమందిమి. మన పిల్లవాడి నమ్మకం వేరైనా ఎవరూ వేలెత్తి చూపకూడదని కోరుకుంటాం. 1943 నాటి తీర్పు మనకి గొడుగు. 2016లో ఇండియా సుప్రీం కోర్టు సినిమా హాళ్ళలో జాతీయగీతం తప్పనిసరి చేసింది, 2018లో ఆ నిర్బంధం తీసేసింది. ఆ మధ్యకాలంలో, లేవనివాళ్ళని దేశద్రోహులన్న మాట విదేశాల్లోని మన విందుల్లోనూ వినిపించింది. తక్కువమందిగా ఉన్నచోట కోరుకునే హక్కుని, ఎక్కువమందిగా ఉన్నచోట ఇతరులకి ఇవ్వలేకపోతే, మనం కోరుకున్నది హక్కు కాదు, వెసులుబాటు మాత్రమే. ఏ ప్రతిజ్ఞ చెప్పించినా చెప్పించకపోయినా, మన ఇళ్ళలో పిల్లలకి ఈ తేడా చెప్పగలిగితే చాలు.