మతమేదో తేల్చేది ఎవరు?

ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 116వ సెక్షన్ ప్రకారం కామన్వెల్త్ ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నెలకొల్పే చట్టం చేయకూడదు, మతాచారాన్ని ఎవరిపైనా రుద్దకూడదు, స్వేచ్ఛగా పాటించడాన్ని నిషేధించకూడదు, పదవులకు మతాన్ని అర్హతగా పెట్టకూడదు. ఈ కట్టడి రాష్ట్రాలకు లేదు. వాటికీ విస్తరించాలన్న ప్రతిపాదన 1988 రెఫరెండంలో వీగిపోయింది.

మతమంటే ఏమిటో మాత్రం రాజ్యాంగం చెప్పలేదు. చిత్రంగా, ఇంత పెద్ద తాత్త్విక ప్రశ్నకు జవాబు ఒక పన్ను తగాదాలో దొరికింది. విక్టోరియా రాష్ట్ర పేరోల్ పన్ను నుంచి మత సంస్థగా మినహాయింపు కోరుతూ సైంటాలజీ సంస్థ ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టుకు వెళ్లింది. 1983లో ఐదుగురు న్యాయమూర్తులూ ఆ సంస్థ పక్షానే తీర్పిచ్చారు, కానీ కారణాల్లో ఏకాభిప్రాయం లేదు. మేసన్, బ్రెనన్ రెండు గుర్తులు చెప్పారు: అలౌకికమైన శక్తిలోనో వస్తువులోనో తత్త్వంలోనో విశ్వాసం, దాన్ని ఆచరణలో పెట్టే నడవడి నియమాలు. విల్సన్, డీన్ ఒకే కొలబద్దకు ఒప్పుకోక, కొన్ని లక్షణాలను సూచికలుగా తీసుకున్నారు. మర్ఫీ నిర్వచనం అందరికన్నా విశాలం.

సృష్టికర్తను నమ్మని బౌద్ధానికి ఈ కొలతల్లో చోటుంది. నమ్మకం నిజమా కాదా అన్నది కోర్టు తూచలేదు. అది సరైన సంయమనమే. అయితే మేసన్, బ్రెనన్ ఒక హద్దు గీశారు: సాధారణ చట్టాన్ని ఉల్లంఘించే ఆచారానికి మతం పేరుతో రక్షణ దక్కదు.