రేకుల నడుమ ఊక



నూర్పిళ్లలో మా ట్రాక్టరు మాటిమాటికి వేడెక్కుచుండెను. రేడియేటరులో నీళ్లు నిండుగనే యున్నవి. ఇంజను చల్లారనిచ్చి చూడగా (వేడిమీద మూత త్రిప్పినయెడల ముఖము కాలును) సన్నని రేకుల నడుమ ఊకయు దుమ్మును దట్టముగా పట్టి, గాలికి సందు లేకుండెను. ఫ్యాను గాలిని ముందునుండి లోపలికి లాగును గనుక, ఇంజనువైపునుండి బయటికి మెల్లగా నీళ్లు కొట్టితిని. జోరుగా కొట్టిన రేకులు వంగిపోవును.

దావీదు 19వ కీర్తన 12వ వచనములో తనకే కనబడని తప్పులనుండి శుద్ధిని వేడుకొనెను. మనమును వాక్యము వినుచున్నాము, ప్రార్థించుచున్నాము. నీళ్లు నిండుగనే యున్నవి. అయినను ఇంటివారిమీద ఏల మండిపడుచున్నాము?

ఆ ఉదయము కొద్దిపాటి ఆలస్యమునకే నా కుమారునిపై కేకలు వేసియుంటిని. వాడు మారుమాటాడక నాకు గొట్టము అందించుచుండెను. కడుగుట ఆపి, వానిని క్షమింపుమని అడిగితిని.