ఇరుకు ద్వారము ఎవరి లోపము?

ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలోను, కొల్లేటి లంక గ్రామములలోను నేడు ఒక కుటుంబమునకు ప్రభుత్వముతోడను, బ్యాంకుతోడను, కళాశాలతోడను గల వ్యవహారము చాలవరకు సెల్‌ఫోను తెరమీదికి చేరినది. 2019లో గ్రామ, వార్డు సచివాలయములు వెలసినవి. 2025 జనవరి 30వ తేదీన 'మన మిత్ర' అను పేర వాట్సాప్ ద్వారా 161 ప్రభుత్వ సేవలు మొదలైనవి. ధ్రువపత్రములు, కరెంటు బిల్లు, పరీక్ష హాల్ టికెట్టు ఇంటనుండియే పొందవచ్చును. లంకనుండి ఏలూరు కచేరీకి వచ్చి పోవుటకు ఒకనాటి కూలి పోగొట్టుకొనువానికి ఇది నిశ్చయముగా మేలు. అయితే ఒక సేవ 'అందరికిని' అని ప్రకటింపబడినప్పుడెల్ల, బసవేశ్వరుని మాట వినుచు పెరిగిన కుటుంబములవారు ఆ 'అందరు' ఎవరో లెక్క చూచుకొనవలసియున్నది. కన్ను కానరానివారు ఆ లెక్కలో ఉన్నారా? చెవి వినబడనివారు, చేతులు వణకువారు, అక్షరములు కూడబలుకుకొని చదువువారు ఉన్నారా? 2011 జనగణన ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వయస్సుచే చూపు మందగించిన తాతలు, అమ్మమ్మలు పలువురు ఆ సంఖ్యలో చేరనే లేదు. నేడు 'దివ్యాంగులు' అని పిలుచుచున్నారు. పేరు గొప్పది చేసినంత మాత్రమున గుమ్మము ఎత్తు తగ్గదు.

చూపు లేనివారు ఫోను వాడలేరని మనలో పలువురు తలంతురు. అది నిజము కాదు. తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు సాధనములు కలవు. వానిని స్క్రీన్ రీడర్లు అందురు. ఎన్.వి.డి.ఏ. అను దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ఆరంభింపగా, జేమ్స్ టే అను మరియొక అంధుడు తోడై, లోకమునకు ఉచితముగా ఇచ్చినారు. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను సాధనము కలదు. ఇవి తెలుగును సైతము చదువును. అయితే యంత్రము ఉన్నదానినే చదువగలదు. ఒక మీటమీద బాణపు గుర్తు వేసి, దాని పేరు లోపల వ్రాయకున్నచో ఆ సాధనము 'బటన్' అని మాత్రము పలుకును. అట్టివి పది యున్నచో 'బటన్, బటన్' అని పదిమార్లు పలుకును. ఏది సొమ్ము పంపునదియో, ఏది రద్దు చేయునదియో వినువాడెట్లు తెలిసికొనగలడు? మరికొన్ని పేజీలు వంకర అక్షరముల బొమ్మ చూపి, 'దీనిని చదివి వ్రాసి నీవు మనిషివని నిరూపింపుము' అని అడుగును. చూపులేనివాడు ఆ పరీక్షలో తప్పును. అతడు మనిషి కాడని తీర్పు చెప్పినట్లే కదా!

దీనికి విరుగుడు పెద్ద విద్య కాదు. చిత్రము వెనుక దానిని వర్ణించు ఒక వాక్యము చేర్చవలెను. మీటకు పేరు పెట్టవలెను. తెల్లని తెరమీద లేత బూడిదరంగు అక్షరములు మానవలెను. గురిచూచి తాకలేనివారు కీబోర్డుతోనే పని ముగించుకొనునట్లు, వణకు చేతులవారికి ఓటీపీ గడువు చాలునట్లు అమర్చవలెను. వీడియోలోని మాటలను క్రింద వ్రాయవలెను. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 1999 మే నెలలోనే ఇట్టి నియమములను గ్రంథస్థము చేసినది. 2008, 2018, 2023 సంవత్సరములలో వానిని పెంచి ప్రకటించినది. మన కేంద్ర ప్రభుత్వము తన వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకములను ఇచ్చినది. కావున తెలియక జరిగినదని చెప్పుకొనుటకు వీలు లేదు.

కంటితోనే ఈ విషయము ముగియదు. చేపల చెరువులలో వలలు లాగి, వరినాట్లు వేసి గీతలు అరిగిన చేతుల వ్రేలిముద్రలను యంత్రము గుర్తింపకపోవుట రేషను దుకాణముల యొద్ద అందరెరిగినదే. కంటిపాపను, ముఖమును చూపి గుర్తింపు పొందు ఏర్పాట్లు తరువాత వచ్చినవి. కాయకమును పూజగా భావించు సమాజమున, కాయకముచే అరిగిన చేయియే అనర్హత యగుట ఎంత వింత!

ఇంతకన్న వింతయైన సంగతి మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. 2023లో ప్రజ్ఞా ప్రసూన్ అను యువతి ఒక బ్యాంకులో ఖాతా తెరువబోయినది. ఆమె యాసిడ్ దాడికి గురియై, కన్నులు దెబ్బతినినది. ఖాతాదారు సజీవముగా ఉన్నట్లు రుజువుగా కెమెరా యెదుట రెప్ప ఆర్పవలెనని నియమము. ఆమె రెప్ప ఆర్పజాలదు. మనిషి ఎదుట నిలిచి మాటలాడుచుండగా, ఆమె బ్రతికియున్నదని ఒప్పుకొనుటకు పద్ధతి నిరాకరించినది! ఆమె వ్యాజ్యమును, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వ్యాజ్యమును కలిపి విచారించి, 2025 ఏప్రిల్ 30వ తేదీన జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్‌ల ధర్మాసనము 20 ఆదేశములిచ్చినది. డిజిటల్ సేవలను అందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కునందు భాగమని పలికినది. అంతకు పూర్వము 2024 నవంబరు 8వ తేదీన రాజీవ్ రతూరి వ్యాజ్యములో అదే న్యాయస్థానము, ఇష్టమున్న పాటించు సలహాలుగా మిగిలిన ప్రమాణములను విధిగా పాటింపవలసిన నియమములుగా మార్చవలెనని కేంద్రమును ఆదేశించినది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే.

న్యాయస్థానములు హక్కును చెప్పినవి. ధర్మమేమి అనునది మనము ఆలోచింపవలసియున్నది. ద్వారము ఇరుకైనప్పుడు లోపము లోనికి రాలేనివానిదా, కట్టినవానిదా? అమెరికా దేశపు వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ (1941–1998) బాల్యమున పోలియో సోకి చక్రాల కుర్చీలో జీవించినవాడు. ప్రక్కన వేరుగా ఒక ద్వారము పెట్టుట కాక, ముఖద్వారమునే అందరును వచ్చునట్లు మొదటనే కట్టవలెనను భావమునకు సార్వజనిక రూపకల్పన యని ఆయన పేరు పెట్టినాడు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కూడ ఈ మాటను నిర్వచించి స్వీకరించినది.

కొల్లేటి ఒడ్డున బ్రతికినవారికి ఈ భావము క్రొత్తది కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు సరస్సు నిండును. వేసవికి నీరు ఉప్పుటేరు గుండ సముద్రమునకు దిగిపోయి ఒడ్డు వెనుకకు జరుగును. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన 308 చదరపు కిలోమీటర్లు సైతము అయిదవ కాంటూరు అను ఒక మట్టమును బట్టి గీచిన హద్దే. ఇట్టిచోట తెలిసిన మేస్త్రీ రేవును ఏదో ఒక్క మట్టమునకు కట్టడు. మెట్లను అడుగువరకు దింపును. నీరు ఎక్కడనున్నను అక్కడ ఒక మెట్టు ఉండును. నిండు నీటికి మాత్రమే కట్టి, ఎండకాలమున బిందెతో జారిపడిన ఇల్లాలిని చూచి 'నీకు దిగుట చేతకాదు' అన్నచో ఆ మేస్త్రీని ఊరు ఊరకుండనిచ్చునా? మనుష్యుని శక్తియు అట్లే నిండును, తగ్గును. కంటి శుక్లము తీయించుకొన్నవాడు కొన్ని దినములు చదువలేడు. చంటిబిడ్డను చంకనెత్తిన తల్లికి ఒక్క చేయియే మిగులును. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున కొలది దినములలో 600 మందికి పైగా మూర్ఛలతోను, కన్నులు తిరుగుటచేతను ఆసుపత్రి పాలైరి. వారిలో పలువురు అంతవరకు ఆరోగ్యముగా నున్నవారే. వారిలో చాలమంది త్వరలో కోలుకొనిరి గాని, దేహబలము ఎంతటి నిలుకడ గలదో ఆ వారము చూపినది. వెబ్ పేజీ కట్టువాడు తన ఇరువదియైదేండ్ల కన్నును, వ్రేలిని కొలతగా పెట్టుకొనుట నిండు నీటికి రేవు కట్టుటయే.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. అది బలమైనదే. మన కుటుంబములలో ఎవరును ఒంటరివారు కారు. తాతకు మనుమడు చదివి పెట్టును, పెద్దమ్మకు కోడలు ఫోను నొక్కి పెట్టును. పడమటి దేశములలో వలె యంత్రము మీద ఆధారపడవలసిన గతి మనకేల? ఈ మాటలోని ఆప్యాయతను నేను కాదనను. అయితే మనుమడు చదివి పెట్టునది ఏమేమియో ఒక్కసారి తలంచుడు. బ్యాంకులోని నిలువ, రక్తపరీక్ష ఫలితము, కోర్టు నోటీసు, దూరమున నున్న కుమార్తె వ్రాసిన ఉత్తరము. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. దాచుకొన్న సొమ్ములో ఎంత మిగిలెనో, ఎవరికి పోయెనో తనంతట తాను చూచుకొనలేనివాడు దానికి యజమాని యనిపించుకొనునా? తన ఓటీపీ అన్నగారి చేతిలో నుండు చెల్లెలు ఆస్తి విషయమున గట్టిగా మాటలాడగలదా? సహాయము తాను కోరుకొన్నప్పుడు ప్రేమ యగును. వేరు దారి లేనప్పుడు అదియే, ఇచ్చువారికి తెలియకుండనే, కట్టుబాటు యగును.

ఇష్టలింగమును అరచేత నుంచుకొని చేయు పూజను ఒకరి బదులు మరియొకరు చేయు ఆచారము మనకు లేదు. నడువలేనివాడు ఆలయపు మెట్లు ఎక్కనక్కరలేదు. లింగమే వాని దేహముపైకి వచ్చినది. దేవునితోనే మధ్యవర్తి అక్కరలేదని నమ్మిన మనము, పంచాయతీ పన్ను రసీదుకు మాత్రము వానికి నిత్యము మధ్యవర్తి ఉండవలెననుట పొసగునా? కాయకము విషయము కూడ ఇట్టిదే. తన పని తాను చేసికొనుట మనలో గౌరవమునకు మూలము. చేయగలవాని చేతినుండి పనిని తీసివేసి, తరువాత వానిమీద జాలిపడుట ఒక విధమైన దోపిడి. ఇందువలననే ఈ ఏర్పాట్లను 'వికలాంగుల కొరకు మేము చేయు దానము' అని పలుకు ప్రకటనలు నాకు రుచింపవు. దానములో ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద నుందురు. దాసోహములో ఆ ఎత్తుపల్లములు లేవు. ఉన్నది సమాజమునది, చేరవలసినచోటికి చేరినది, అంతే.

అందరికిని ఒక్కటే రూపము చాలునా యనినచో, చాలదు. పాదచారుల దారిలో అంధులకు దారి చూపుటకై పరచు ఎత్తుపలకలు చక్రాల కుర్చీని కుదుపును. పుట్టుచెవిటివారికి తెలుగు అక్షరముల వ్రాతకన్న సంజ్ఞాభాష దగ్గర. అక్షరములు పెద్దవి చేసినచో తెరమీద తక్కువ పట్టును. ఒకరి సౌకర్యము వేరొకరికి అడ్డగుచోట్ల మార్గము వెదకవలసినదే. చట్టము సైతము 'సాధ్యమైనంత మేరకు' అనినది. కాని ఈ చిక్కులను చూపి పని మానుకొనువారు, చిక్కులేమియు లేని పనిని, అనగా మీటకు పేరు పెట్టుటను కూడ, చేసియుండలేదని గమనింపవలెను.

భాష సంగతియు ఇందు చేరును. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో, జాను తెనుగున వ్రాయుటకు కారణము అది అందరి చెవికిని ఎక్కవలెననియే. నేడు ఆంగ్లమునుండి మాటకు మాటగా దించిన దరఖాస్తుల తెలుగును చదివి, పట్టభద్రుడు సైతము ఆంగ్లపు పేజీకే మరలిపోవుచున్నాడు. చదువు తక్కువ వానికి అదియు ఒక ఎత్తు గుమ్మమే.

శరణబంధువులారా, ప్రభుత్వమును, బ్యాంకులను చెప్పుకొంటిమి. మన పేజీల సంగతి ఏమి? మఠములును, సంఘములును బసవజయంతికి పంపు ఆహ్వానము తరచుగా ఒక రంగుల బొమ్మ. తేది, వేళ, స్థలము అన్నియు బొమ్మలోనే యుండును. చూపులేని భక్తుని ఫోను దానిని 'చిత్రము' అని చదివి ఊరకుండును. వరద హెచ్చరికలు సైతము ఇట్లే బొమ్మలుగా చేతినుండి చేతికి పోవుచున్నవి. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటికి చేరి లంకల దారులు మునిగిన దినములలో అట్టి బొమ్మ ఒక అంధుని ఇంట ఎంతవరకు ఉపయోగపడెనో ఊహింపవచ్చును. పాత గ్రంథములను పుటలవారీగా ఫోటోలు తీసి అంతర్జాలమున పెట్టుట మంచి పనియే. కాని ఫోటో స్థావరము. అది ఉన్నచోటనే, ఉన్న రూపమునే నిలుచును. యూనికోడ్ పద్ధతిలో టైపు చేసిన అక్షరము జంగమము. అది ఒకనికి శబ్దమై వినబడును, మరియొకనికి వ్రేళ్ల క్రింద బ్రెయిలీ చుక్కలగును, ముసలివారికి పెద్ద అక్షరమై నిలుచును. యూనికోడ్‌లో 1991 నుండియే తెలుగునకు స్థానము కలదు. అయినను ఒక్కొక్క పత్రిక తనకొక్క ఖతి పెట్టుకొన్న కాలమున కూర్చిన పుటలు ఆ ఖతి లేనిచోట అర్థము లేని గుర్తులుగా చదువబడును. మన సంచికలలోను అట్టివి ఉండవచ్చును.

ఫోటోలోని తెలుగును అక్షరములుగా మార్చు సాధనములు నేడు ఉన్నవి గాని, ఒత్తులయొద్ద, పాత అచ్చులోని శకటరేఫముయొద్ద, అరసున్నయొద్ద అవి తడబడును. మనిషి కూర్చుండి దిద్దవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెములలో చదువుకొనుచున్న మన పిల్లలు వేసవి సెలవులలో తలకు ఇరువది పుటల చొప్పున పంచుకొన్నచో ఒక చిన్న గ్రంథము నెలలో ముగియును. దిద్దిన ప్రతిని ప్రకటించుటకు ముందు, చూపులేని ఒక పాఠకుని చేత ఫోనులో చదివించి, ఎక్కడ ఆగెనో గుర్తు పెట్టుకొని, ఆ చోటులను మరల సవరింపవలెను. ఆ ప్రూఫులు దిద్దినందుకు వారికి మామూలు ప్రూఫ్ రీడరునకు ఇచ్చు కూలియే ఇవ్వవలెను.