ప్రీమియం కట్టాలా, హుండీలో వెయ్యాలా?

ఈ వారం వీడియోలో టైమ్ చాలక సగంలో ఆపేసిన ప్రశ్న ఒకటుంది. అది ఇక్కడ మాట్లాడుకుందాం.

అడిగిన తమ్ముడిది బంగారుపాళ్యం, ఉద్యోగం బెంగళూరులో. ఊళ్లో నాయనకి 58 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటాడు. అమ్మ, 74 ఏళ్ల అవ్వ ఉన్నారు. ఆధారం తోతాపురి తోట. 2025లో మన చిత్తూరు మామిడి రైతు సంగతి తెలిసిందే కదా, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలి, పైన ప్రభుత్వం 4 కలుపుతుంది అని చెప్పేదాకా వచ్చింది. ఆ కాయల డబ్బులోంచే అమ్మానాయనల హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాలి. పోయినసారి 31 వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేసినా ఈసారి 38 వేలు. నాయన వయసు పెరిగింది, ఆసుపత్రి ఖర్చులూ పెరిగాయి.

"ఈ ఏడాది పాలసీ వదిలేసి, అందులో సగం తిరుమల హుండీలో వేస్తే స్వామి చూసుకోడా?" అన్నది ప్రశ్న.

నవ్వకండి. మనలో చాలామంది మనసులో అనుకునేదే ఇది, అతను పైకి అడిగాడు.

గీత తొమ్మిదో అధ్యాయంలో యోగక్షేమం అనే మాట వస్తుంది. శంకరాచార్యులు దాన్ని విడదీసి చెప్పారు. లేనిది దక్కడం యోగం, దక్కినదాన్ని కాపాడుకోవడం క్షేమం. అనన్య భక్తులు తమ యోగక్షేమాల కోసం తాము పాకులాడరనీ అన్నారు. ఇక్కడే మనం పొరబడతాం. ఆ "తమ" అన్న మాట చూడండి. నీ ఒంటి సంగతి స్వామికి వదిలేస్తావా, అది నీ భక్తి. నాయన గుండెని పందెం పెట్టి నీ భక్తి చూపిస్తానంటే ఎలా తమ్ముడూ? ఆ పందేనికి ఆయన ఒప్పుకున్నాడా?

పైగా స్వామి పేరుమీదే తిరుపతిలో స్విమ్స్ ఉంది, బర్డ్ ఉంది. పేదవాళ్ల గుండె, కిడ్నీ జబ్బులకి సాయం చేసే ప్రాణదానం ట్రస్టు ఉంది. వైద్యం అక్కర్లేదని ఆ కొండ ఎప్పుడూ చెప్పలేదు.

మరి డబ్బెక్కడిది? ముందు అవ్వ. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఉంది, ఆధార్‌తో కార్డు తీసుకోండి. రేషన్ కార్డుంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మన పాత ఆరోగ్యశ్రీ, వర్తిస్తుందేమో కనుక్కోండి. ఇక అమ్మానాయనల పాలసీ తెంచొద్దు. తెగితే ఇన్నాళ్లు గడిపిన వెయిటింగ్ పీరియడ్ పోతుంది. బేస్ పాలసీ కొంచెం తగ్గించి పైన సూపర్ టాప్-అప్ పెడితే ఎంతవుతుందో లెక్క వేయించండి, చాలాసార్లు తక్కువకే వస్తుంది. వాయిదాల్లో కట్టొచ్చేమో అడగండి. కంపెనీ మారాలంటే రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందే అప్లై చెయ్యాలి.

ఇంటి ఇన్సూరెన్స్ కూడా అడిగాడు. 2021 నవంబరు వానలకి తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లొచ్చింది చూసినవాళ్లు దాన్ని దండగ అనరు. భారత్ గృహ రక్ష అని అన్ని కంపెనీల్లో ఒకేలా ఉండే పాలసీ ఉంది. అందులో స్థలం ధర లెక్క కట్టకూడదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే. ప్లాటు రేటు చూసి భయపడి మానేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు నాకు బాధ కలిగించింది ఇంకోటి. ఒక ఏజెంట్ "వేరే కంపెనీకి మారండి, ఫారంలో బీపీ సంగతి రాయొద్దు, ప్రీమియం తగ్గుతుంది" అన్నాడట. బంగారుపాళ్యానికి కాణిపాకం ఎంత దూరం? ఆ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి ఎంతటివాడైనా జంకుతాడు. రాజకీయ నాయకులు కూడా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అనే సవాలు విసురుకుంటారు. ఫారం కింద పెట్టే సంతకం కూడా ప్రమాణమే కదా? దాచిన బీపీ రేపు క్లెయిమ్ రోజున బయటపడితే ఆసుపత్రి కౌంటర్ దగ్గర తల దించుకుని నిలబడేది నాయన, ఆ ఏజెంట్ కాదు.

నిన్న ఆ తమ్ముడు మళ్లీ రాశాడు. పాత కంపెనీలోనే ఉంటున్నాడట, అవ్వ కార్డుకి అప్లై చేశాడట. హుండీ కోసం 101 రూపాయలు పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టాడు. ఈ సారి కాయలు అమ్మాక నాయననీ తీసుకుని కొండకి వస్తాడట.