తలబరువు దించే గట్టు

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురం అయింది. అక్కడి జంగ్లీఘాట్ రేవులో తెలుగు మాట మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తోంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ వాడ కుర్రాడొకడు మెయిన్‌లాండ్‌లో, ఒక విశ్వవిద్యాలయంలో డిజైన్ చదివేవాడు. సెలవులకు బయల్దేరుతుంటే మాస్టారు, “మీ ఊళ్లో ఒకరి కష్టం తీర్చి రా” అన్నారు.

పక్కింటి మామ్మ తెల్లారకముందే రేవుకెళ్లి, చేపల గంప నెత్తినెత్తుకుని వీధులన్నీ తిరిగేది. ఆమె మెడను చూసి జాలిపడిన కుర్రాడు చక్రాల పెట్టె ఒకటి చేశాడు. లోపల ఐసుకు అర, పైన గొడుగు. మామ్మ మురిసిపోయింది. రెండోనాటికి పెట్టె అరుగు మీదుంది, గంప మళ్లీ నెత్తికెక్కింది.

“బాగుంది బాబూ. మనూరంతా ఎత్తుపల్లాలు గదా! ఎక్కినప్పుడు దాన్ని నేను లాగాల, దిగినప్పుడు అది నన్ను లాక్కుపోతాది” అంది.

ఫోన్ చేస్తే మాస్టారు ఒక్కటే అడిగారు: “ఆమె వెంట ఒక్కరోజైనా నడిచావా?”

మర్నాడు నడిచాడు. మామ్మకు గంప మోయడం అలవాటే. దించడమే కష్టం. బేరం కుదరాలంటే దించాలి, దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఆ సాయం దొరకదని కొన్ని గడపల ముందు ఆగకుండానే పోతోంది. ఒక ఇంటి దగ్గర మాత్రం ప్రహరీకి ఆనుకుని, మోకాళ్లు కాస్త వంచి, గంపను తల మీంచి గోడ మీదికి జరిపింది. బేరం అయ్యాక అలాగే నెత్తిమీదికి లాక్కుంది. గోడ సరిగ్గా ఆమె భుజమెత్తు ఉంది.

కుర్రాడు ఆ ఎత్తు కొలుచుకున్నాడు. వాడ పెద్దల్ని ఒప్పించి, ఏటవాలు దారి పొడవునా అదే ఎత్తున సిమెంటు గట్లు కట్టించాడు. మిగతా గంపలవాళ్లూ అక్కడే దించుకోసాగారు.

సెలవులయ్యాక మాస్టారు గట్టు ఫొటోను క్లాసులో అందరికీ చూపించి, ఇలా చెప్పారు: “కార్ నికోబార్‌లో గుంజల మీద, ఆకుల కప్పుతో గుండ్రటి ఇళ్లుండేవి. కిందినుంచి గాలి ఆడేది, ఆ నీడలోనే జనం కూర్చునేవారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఊళ్లను ఊడ్చేశాక తాత్కాలికంగా రేకుల షెడ్లు వేశారు. వాటిలో జనం ఎండకు ఉడికిపోయారు. ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబంగా బతికేవాళ్లకు తర్వాత విడివిడి కుటుంబాల లెక్కన ఇళ్లిచ్చారు. సాయం చేసినవాళ్ల మనసు మంచిదే. కానీ ప్లాను గీసేముందు, అందులో ఉండబోయేవాళ్లను ఇంకా అడగాల్సింది, ఇంకా వినాల్సింది.”

నీతి: మన కంటికి కనిపించే కష్టం వేరు, ఎదుటివాళ్లు పడే కష్టం వేరు. జాలి ఒక్కటే ఉంటే మనకు తోచింది చేసిపెడతాం. వెంట నడిస్తేనే వాళ్లకు కావలసింది తెలుస్తుంది. డిజైన్ నేర్పే విశ్వవిద్యాలయం విద్యార్థి చేతికి పెన్సిల్ ఇచ్చేముందు, అతన్ని ఆ మనుషుల వెంట నడిపించాలి.